పన్ను పెంచితే మానేస్తారా? పర్లాకిమిడి కొట్టు నుంచి ఒక ప్రశ్న

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది చిన్న కిరాణా కొట్టు, దాన్నానుకునే కిళ్లీ బడ్డీ. కూల్‌డ్రింకులు, సిగరెట్లు, ఖైనీ, పాన్‌మసాలా మీదే సగం రోజు గడుస్తుంది. ఫిబ్రవరి నుంచి సిగరెట్ రేట్లు పెరిగాయి, బేరాలు బీడీ వైపు తిరిగాయి. ఇలాంటి సరుకు మీద ప్రభుత్వం ఇంకా గట్టిగా పన్ను వేయాలని మా అమ్మాయి అంటుంది. కొట్టుకొచ్చేవాళ్లేమో పేదోడి జేబుకే చిల్లు అంటారు. అసలు ఈ పన్నులు న్యాయమేనా? పన్ను వేసినంత మాత్రాన ఎవరైనా మానతారా? సరిహద్దు అవతల, ఆంధ్రలోని పాతపట్నం మాకు కూతవేటు దూరం. అటు చవగ్గా దొరికితే ఇటు పన్ను వేసి ఏం లాభం? నేను కొట్టులో ఏం మార్చుకోవాలో కూడా చెప్పండి.

సమాధానం: మీ అమ్మాయి మాటే సరైనది. పొగాకు మీదా, చక్కెర నీళ్ల మీదా పన్ను గట్టిగానే ఉండాలి. కానీ ఎంత పన్ను వేశారన్నది సగం సంగతే. ఆ పన్ను తప్పించుకోవడానికి పక్కన ఏం దొరుకుతోందన్నది మిగతా సగం. మీ బేరాలు బీడీ వైపు తిరిగాయన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. మీ ఉత్తరంలో అసలు విషయం అదే కాబట్టి దాని మీదే ఎక్కువసేపు ఆగుతాం.

ముందు మీ ఫ్రిజ్ సంగతి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పటి నుంచీ గ్యాసు కూల్‌డ్రింకుల మీద 28 శాతం పన్ను, ఆ పైన 12 శాతం సెస్సు ఉండేవి. 2025 సెప్టెంబరు 22న సెస్సు తీసేసి మొత్తాన్ని 40 శాతం శ్లాబులో పెట్టారు. పేరు మారిందే గానీ భారం మారలేదు. కాబట్టి కొత్తగా నలభై శాతం వేశారంటూ లైను బండి మీద వచ్చినవాళ్లు రేటు పెంచితే ఆ కారణం ఒప్పుకోకండి. ఏజెన్సీ మీకు రూ.17.50కి ఇచ్చే సీసాలో పన్నెంతో తెలియాలంటే 17.50ని 140తో భాగించి 40తో గుణించండి. సరిగ్గా 5 రూపాయలు వస్తుంది. మీకు జీఎస్టీ నంబరు లేకపోతే ఆ 5 రూపాయలు మీరు కొన్నప్పుడే కట్టేసినట్టు.

నంబరు మాట వచ్చింది కాబట్టి చాలామంది బడ్డీవాళ్లు పొరబడే చోటు ఒకటి చెప్పాలి. సరుకుల వ్యాపారానికి ఏడాదికి 40 లక్షల వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అనుకుంటారు. ఒడిశాలో అది నిజమే. కానీ పాన్‌మసాలా, పొగాకు సరుకు, ఐస్‌క్రీం అమ్మేవాళ్లకు ఆ మినహాయింపు వర్తించదు. వాళ్లకు హద్దు 20 లక్షలే. కిరాణా, బడ్డీ రెండూ ఒకే పాన్ కార్డు మీద ఉంటే రెండింటి అమ్మకాలూ కలిపే లెక్క చూస్తారు. రోజుకు సగటున 5,480 రూపాయల అమ్మకం దాటితే ఏడాదికి 20 లక్షలు దాటినట్టే. మీరు ఆ గీత దగ్గర్లో ఉంటే ఇప్పుడే ఒక అకౌంటెంటును కలవండి. చిన్న వ్యాపారులకు అమ్మకం మీద 1 శాతం కట్టే కాంపోజిషన్ పద్ధతి ఉంది. పాన్‌మసాలా, పొగాకు సరుకు, ఐస్‌క్రీం లాంటివి తయారుచేసేవాళ్లకే అందులో చోటు లేదు, వాటిని అమ్మే కొట్టువాళ్లు చేరవచ్చు.

ఇక ఈ 40 శాతం మంచి పన్నేనా? వేయడం మంచిదే, వేసిన తీరు బాగోలేదు. మన పన్ను ధర మీద పడుతుంది, చక్కెర మీద కాదు. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసా 20 రూపాయలు అనుకోండి. అందులో చక్కెర సుమారు 26 గ్రాములు, ఎంఆర్‌పీ మీద లెక్కేస్తే పన్ను రూ.5.71. అంటే గ్రాముకు 22 పైసలు. రెండు లీటర్ల సీసా 90 రూపాయలు అనుకుంటే చక్కెర సుమారు 210 గ్రాములు, పన్ను రూ.25.71, గ్రాముకు 12 పైసలు. ఇంటిల్లిపాదీ తాగే పెద్ద సీసా మీద, అంటే పిల్లలకు ఎక్కువగా చేరే సీసా మీద, గ్రాముకు పన్ను దాదాపు సగానికి తగ్గిపోతోంది. పెద్దవాళ్లకైనా విడిగా కలిపిన చక్కెర రోజుకు 50 గ్రాములు దాటకూడదనీ, 25 లోపు ఉంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ చిన్న సీసా ఒక్కటే 25 దాటేసింది.

ఇంకో లోపం కూడా ఉంది. చక్కెర నిండా ఉన్న కోలాకూ, చక్కెర లేని కోలాకూ మన దగ్గర ఒకటే 40 శాతం. అలాంటప్పుడు కంపెనీ చక్కెర ఎందుకు తగ్గిస్తుంది? బ్రిటన్‌లో 2018 ఏప్రిల్ నుంచి ఈ పన్ను చక్కెరను బట్టి పడుతోంది. మొదట పెట్టిన రేట్ల ప్రకారం 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు దాటితే లీటరుకు 18 పెన్నీలు, 8 గ్రాములు దాటితే 24 పెన్నీలు. 5 లోపు ఉంటే ఏమీ లేదు. పన్ను అమల్లోకి రాకముందే చాలా కంపెనీలు తమ పానీయాల్లో చక్కెర తగ్గించి 5 గ్రాముల కిందికి దిగాయి. జనం అలవాటు మానకపోయినా వాళ్ల ఒంట్లోకి వెళ్లే చక్కెర తగ్గింది. మన పన్నూ ఈ దారి పట్టాలి.

అసలు పన్ను వేస్తే మానతారా అన్న మీ ప్రశ్నకు మెక్సికో మంచి జవాబు. 2014 జనవరి 1 నుంచి అక్కడ తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో వేశారు. ధర పది శాతం మేర పెరిగింది. ఆ ఏడాది కొనుగోళ్లు సగటున 6 శాతం తగ్గాయి, పేద కుటుంబాల్లో అంతకంటే ఎక్కువ తగ్గాయి. అందరూ మానేయలేదు, కొందరు తగ్గించారు. పన్ను చేసే పని అంతే. పొగాకు విషయంలోనూ ఇదే లెక్క. మనలాంటి దేశాల్లో ధర పది శాతం పెరిగితే వాడకం అయిదు శాతం దాకా తగ్గుతుందని ఆర్థికవేత్తల అంచనా. బాగా ముదిరిన అలవాటున్న పెద్దవాడి కంటే, ఇంకా అలవాటు పడని కుర్రాడి మీద ధర దెబ్బ గట్టిగా పడుతుంది. మీ బడ్డీ ముందు నిలబడే ఇంటర్ పిల్లల గురించే ఈ మాట.

ఇప్పుడు బీడీ దగ్గరికి వద్దాం. 2026 ఫిబ్రవరి 1 నుంచి సిగరెట్ మీద జీఎస్టీ 40 శాతానికి చేరింది. దానికి తోడు పొడవును బట్టి వెయ్యి సిగరెట్లకు రూ.2,050 నుంచి రూ.8,500 దాకా ఎక్సైజు సుంకం. అదే రోజు బీడీ మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. ఒకే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే రెండు పొగల్లో ఒకదానికి శిక్ష, రెండోదానికి రాయితీ. సిగరెట్ మానాలనుకున్నవాడు పొగ మానకుండా బీడీ అందుకుంటున్నాడంటే తప్పంతా అతనిది కాదు. ధరల పలకే అతన్ని అటు నడిపిస్తోంది. బీడీ పొగ సిగరెట్ పొగ కంటే మేలన్నది అపోహ. ఆకు చుట్ట ఊరికే ఆరిపోతుంటుంది కాబట్టి గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. ఊపిరితిత్తులకు అంత లోతుగా పొగ వెళుతుంది.

బీడీ మీద పన్ను తగ్గించడానికి చెప్పే కారణం కొట్టిపారేసేది కాదు. తునికాకు ఏరేవాళ్లు, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒడిశాలోనూ, అటు మహారాష్ట్రలోని గడ్చిరోలిలోనూ లక్షల్లో ఉన్నారు. కానీ వాళ్లను ఆదుకోవాలంటే బీడీని చవగ్గా ఉంచడం ఒక్కటే దారి అనడం తప్పు. బీడీ కార్మికుల సంక్షేమానికని వసూలు చేసే సెస్సు జీఎస్టీ వచ్చాక రద్దయింది. బీడీ మీద పన్ను పెంచి, ఆ డబ్బులో కొంత వాళ్ల వైద్యానికీ, వేరే పని నేర్పడానికీ విడిగా కట్టిపెడితే రెండు పనులూ అవుతాయి. ఫిలిప్పీన్స్ 2012లో పొగాకు, మద్యం పన్నుల చట్టం తెచ్చినప్పుడు పెరిగిన ఆదాయంలో పెద్ద వాటా ఆరోగ్యానికే అని చట్టంలోనే రాసుకుంది. మన దగ్గర లేనిది అలాంటి కట్టుబాటే.

మీ జిల్లాలో పొగ కంటే నమిలేదే పెద్ద సమస్య. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో ఒడిశా పెద్దల్లో 45.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. పొగరాని పొగాకు, అంటే ఖైనీ, జర్దా, గుడాకు లాంటివి వాడేవాళ్లే 42.9 శాతం. దేశం మొత్తం మీద ఈ రెండో అంకె 21.4. పళ్లకు రాసుకునే గుడాకు పన్ను కట్టే డబ్బాలో రావచ్చు, రాకపోవచ్చు. శ్రీకాకుళం వైపు ముసలమ్మలు నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట మీదైతే ఏ పన్నూ పడదు, అది ఇంట్లోనే చుట్టుకుంటారు. అంగిట్లో పుండ్లకూ, క్యాన్సర్‌కూ అది నేరుగా దారి. పన్ను చేరలేని ఇలాంటి చోట ఆశా కార్యకర్త నోరు తెరిపించి చూడటమే పనిచేస్తుంది. తెల్లటి మచ్చ, మానని పుండు, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, ఈ మూడింటిలో ఏది మూడు వారాలు దాటినా డాక్టరుకు చూపించాలి.

పేదోడి జేబుకు చిల్లు అన్న మాటకు జవాబు కూడా ఈ లెక్కల్లోనే ఉంది. మానని పేదవాడి మీద భారం పడుతుంది, అది నిజం. దాన్ని దాచి ఈ పన్నును సమర్థించడం నిజాయితీ కాదు. కానీ నోటి క్యాన్సర్ వస్తే మీ ఊరి కూలీ కటక్ వెళ్లాలి, లేదా విశాఖ వెళ్లాలి. రానూపోనూ చార్జీలు, తోడు వెళ్లినవాడి కూలి, నెలల తరబడి ఆగిపోయే సంపాదన, ఇవి చాలావరకు ఆరోగ్య కార్డులో రావు. ధర పెరిగితే ముందు తగ్గించేది పేదవాడే కాబట్టి, ఆ రోగం తప్పే మేలు కూడా అతనికే ఎక్కువ. అందుకే పన్ను డబ్బు తిరిగి అతని వైద్యానికి రావాలని అడగడం న్యాయం. పన్నే వద్దనడం అతనికి మేలు చేయదు.

పాతపట్నం భయం మీ సరుకు విషయంలో అక్కర్లేదు. జీఎస్టీ, కేంద్ర ఎక్సైజు దేశమంతా ఒకటే. సిగరెట్ మీదా, కోలా మీదా మహేంద్రతనయ నదికి ఈ ఒడ్డున ఎంత పన్నో ఆ ఒడ్డునా అంతే. సరిహద్దు ఊళ్లకు ఇది పెద్ద మేలు. జీఎస్టీ బయట ఉన్న మద్యాన్ని చూస్తే తేడా తెలుస్తుంది. 2020 మేలో ఆంధ్రప్రదేశ్ మద్యం ధరలు మొదట 25 శాతం, మర్నాడే ఇంకో 50 శాతం పెంచింది. తాగుడు తగ్గించాలన్నదే ఉద్దేశం అన్నారు. ఒడిశా, తెలంగాణ, కర్ణాటకల నుంచి సీసాలు రావడం మొదలైంది. అటు గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది. సిరోంచలో నిలబడితే గోదావరి వంతెన అవతల తెలంగాణలోని కాళేశ్వరం. నిషేధం ఆ జిల్లాలో చాలా ఇళ్లను కాపాడింది, కానీ వంతెన ఉన్నంతకాలం కాపలా కూడా ఉండాలి. డెన్మార్క్ 2011 అక్టోబరులో కొవ్వు పదార్థాల మీద పన్ను వేసింది. జనం జర్మనీ, స్వీడన్ వెళ్లి వెన్న కొనుక్కొచ్చుకున్నారు. ఏడాది తిరిగాక ఎత్తేశారు. ఒక రాష్ట్రం ఒంటరిగా వేసే పన్ను సరిహద్దు జిల్లాలో కారిపోతుంది. అందరూ కలిసి వేస్తే నిలుస్తుంది.

అయితే పన్ను కట్టకుండా వచ్చే దొంగ సరుకు ప్రమాదం మీకు ఉంది. రేటు పెరిగిన ప్రతిసారీ బిల్లు లేని సిగరెట్లు బజార్లోకి వస్తాయి. పట్టుకోవడం కష్టం కాదు. అతి తక్కువ సుంకం లెక్కన చూసినా 20 సిగరెట్ల ప్యాకెట్‌కు ఎక్సైజు 41 రూపాయలు. ఎవరైనా ఆ ప్యాకెట్ మీకు 50 రూపాయలకు ఇస్తానంటే, అందులో జీఎస్టీ వాటా కనీసం రూ.14.29. రెండూ కలిపితేనే 55 దాటింది. అంటే సిగరెట్ ఊరికే ఇచ్చినా గిట్టదు, పన్ను కట్టలేదనే అర్థం. ప్యాకెట్ మీద 85 శాతం మేర బొమ్మ హెచ్చరిక, ఎంఆర్‌పీ, తయారైన నెల లేకపోతే ముట్టుకోకండి. దొరికితే కేసు మీ మీదే పడుతుంది, సరుకు ఇచ్చినవాడు కనిపించడు.

గుట్కా మీద పన్ను ఎంత అన్న ప్రశ్నే లేదు. ఒడిశాలో 2013 జనవరి 1 నుంచి అది నిషేధం. దాన్ని తప్పించుకోవడానికే కంపెనీలు పాన్‌మసాలా ఒక పొట్లంలో, జర్దా ఇంకో పొట్లంలో పెట్టి పక్కపక్కనే వేలాడదీయిస్తాయి. 2026 జనవరి నుంచి ఒడిశాలో అలా విడి పొట్లాల్లో వచ్చే జర్దా, ఖైనీ లాంటి నమిలే పొగాకు కూడా నిషేధమే, కాబట్టి వాటి అమ్మకం మానేయండి. పాన్‌మసాలా తయారీదారుల మీద 2026 ఫిబ్రవరి నుంచి ఒక కొత్త సెస్సు ఉంది. అది ఎంత అమ్మామని వాళ్లు చూపించే లెక్క మీద కాకుండా, పొట్లాలు నింపే యంత్రం వేగం, పొట్లం బరువు చూసి పడుతుంది. దొంగ లెక్కలకు తావు తక్కువ. పొగాకు పన్నుల్లో బాగా ఆలోచించి చేసిన పని ఇది.

ఇప్పుడు మీ కొట్టు. సిగరెట్లు లూజుగా అమ్మడం మానండి. ప్యాకెట్ కొనేవాడికి పెరిగిన రేటు ఒక్కసారిగా కళ్లకు కడుతుంది. ఒక్కటొక్కటిగా కొనేవాడికి అది రెండు రూపాయల్లో కరిగిపోతుంది, పైగా హెచ్చరిక బొమ్మ కనపడదు. మహారాష్ట్ర 2020లోనే లూజు అమ్మకం నిషేధించింది. 18 ఏళ్ల లోపు వారికి అమ్మబోమని 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు బోర్డు పెట్టాలి. బడి, కాలేజీకి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు. పొగాకు చట్టం కింద జరిమానా 200 రూపాయలేనని తేలిగ్గా తీసుకోకండి. పిల్లలకు పొగాకు ఇస్తే బాలల న్యాయ చట్టం సెక్షన్ 77 కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. నాన్న తెమ్మన్నాడని వచ్చే పిల్లాడికి ఇచ్చినా మీకు ఇది వర్తిస్తుంది. చాక్లెట్ సీసాల పక్కనున్న ఖైనీ దండలు తీసేయండి.

కూల్‌డ్రింకు మీద మీకు మిగిలేది సీసాకు రూ.2.50. పదిహేను సీసాలకు రూ.37.50. లీటరు పెరుగు 65 రూపాయలు అనుకుంటే, రెండు లీటర్ల నీళ్లు కలిపి, అల్లం, కరివేపాకు, ఉప్పు వేస్తే 200 మిల్లీలీటర్ల మజ్జిగ గ్లాసులు పదిహేను వస్తాయి. గ్లాసు 10 రూపాయల చొప్పున 150. పెరుగు, కాగితం గ్లాసులు, మిగతావి కలిపి ఖర్చు 100 అయినా 50 మిగులుతుంది. చెడేది ఎక్కడంటే, ఉదయం కలిపింది ఎండాకాలం మధ్యాహ్నానికి పులిసిపోతుంది, సాయంత్రం పారబోస్తే లాభమంతా పోయినట్టే. అందుకని పదింటికోసారి, రెండింటికోసారి సగం సగం కలపండి. ఐసు ఫ్యాక్టరీ దిమ్మ గ్లాసులో వేయకండి, అది చేపల పెట్టెల కోసం చేసింది, తాగే నీటితో చేసిందన్న నమ్మకం లేదు. గిన్నెను చుట్టూ ఐసులో పెట్టి చల్లబరచండి. చోడి (రాగి) అంబలి కూడా వేసవిలో నడుస్తుంది, కానీ పొద్దున పదకొండు దాటాక అడిగేవాళ్లు తగ్గుతారు.

ఒక జాగ్రత్త. ఫ్రిజ్ కంపెనీవాళ్లు ఇచ్చిందైతే వాళ్ల పానీయాలు తప్ప వేరేవి పెట్టకూడదని కాగితంలో రాసి ఉండొచ్చు. మజ్జిగ గిన్నె అందులో పెట్టే ముందు ఆ కాగితం చదవండి. లేదంటే ఫ్రిజ్ వెనక్కి తీసుకుపోతారు.

మానేయాలనుకునే బేరగాళ్లకు పొగాకు మాన్పించే జాతీయ ఉచిత ఫోను నంబరు 1800-11-2356 రాసి గల్లాపెట్టె దగ్గర అంటించండి. రేటు పెరిగిన కొత్తలోనే మానాలన్న ఆలోచన వస్తుంది. తర్వాత కొత్త రేటుకు అలవాటు పడిపోతారు, కాబట్టి ఆ కాగితం ఈ వారమే అంటించండి.